నెలాఖరు రిపోర్టుకు ముందు: టేబుల్‌లో లేని తేదీలతో జాగ్రత్త

ఎర్రర్ ఇచ్చే క్వెరీతో (డేటాబేస్‌ను ఎస్‌క్యూఎల్ భాషలో అడిగే ప్రశ్నతో) పెద్ద టెన్షన్ లేదు. ఆగిపోతుంది, సరిచేసుకుంటాం. మధ్యలో తేదీలు లేని డేటా మీద రాసిన క్వెరీ అలా కాదు. చక్కగా నడుస్తుంది, నమ్మదగినట్టు కనిపించే అంకె ఇస్తుంది, ఆ అంకె తప్పు.

అమ్మకాల టేబుల్‌లో అమ్మకం జరిగిన రోజుకే రికార్డు ఉంటుంది. 30 రోజుల నెలలో 24 రోజులే అమ్మకాలు జరిగి, మొత్తం 2400 వచ్చిందనుకోండి. రోజువారీ మొత్తాల మీద ఏవీజీ (AVG, సగటు తీసే ఫంక్షన్) పెడితే 100 వస్తుంది. నిజానికి రోజుకు సగటు 80. మిగతా ఆరు రోజులు ఉన్నట్టే డేటాబేస్‌కు తెలియదు మరి.

అందుకే ముందు రోజులు లెక్కపెట్టండి. రిపోర్టు కాలంలో ఎన్ని రోజులున్నాయి, టేబుల్‌లో వేర్వేరు తేదీలు ఎన్ని ఉన్నాయి? ఇక్కడ టేబుల్‌లోని కనిష్ఠ, గరిష్ఠ తేదీలను హద్దులుగా తీసుకోకండి. నెల మొదటి రోజో చివరి రోజో లేకపోతే ఆ లెక్కకు దొరకదు.

తేడా కనబడితే క్యాలెండర్ టేబుల్ కావాలి. రోజుకు ఒక వరుస, అంతే. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో వరుస విలువలు పుట్టించే జెనరేట్ సిరీస్ ఫంక్షన్ తేదీలనే నేరుగా ఇస్తుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్ 2022లో అదే పేరుతో ఉన్నది అంకెలే ఇస్తుంది, వాటిని, తేదీకి రోజులు కలిపే డేట్‌యాడ్‌తో తేదీలుగా మార్చుకోవాలి. రికర్సివ్ క్వెరీతో (తన ఫలితం మీదే మళ్లీ మళ్లీ నడిచేదానితో) తేదీలు పుట్టించే అలవాటుంటే ఒక సంగతి గుర్తుంచుకోండి: ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో మామూలు పరిమితి 100 మెట్లు, మైఎస్‌క్యూఎల్‌లో 1000. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో నెల రిపోర్టుకు హాయిగా నడిచిన క్వెరీ ఏడాది రిపోర్టుకు కూలబడేది ఇక్కడే.

క్యాలెండర్‌ను ఎడమవైపు పెట్టి అమ్మకాలను లెఫ్ట్ జాయిన్ చేయండి, అంటే అమ్మకం లేకపోయినా ఎడమవైపు తేదీలన్నీ నిలిచేలా కలపండి. చాలామంది ఇక్కడిదాకా సరిగ్గానే వస్తారు, ఆ తర్వాతే జారతారు. అమ్మకాల కాలమ్ మీద షరతును వేర్‌లో (WHERE, కలిపాక వచ్చిన వరుసలను వడగట్టే భాగంలో) రాస్తే, ఖాళీ రోజులు మళ్లీ రాలిపోతాయి. పడిన కష్టమంతా వృథా. నేనూ ఈ గోతిలో ఒకటికి రెండుసార్లు పడ్డాను. ఆ షరతు ఆన్‌లో (ON, టేబుళ్లను ఎలా కలపాలో చెప్పే భాగంలో) ఉండాలి. అలాగే వరుసలు లెక్కపెట్టే కౌంట్‌లో నక్షత్రం గుర్తు (*) పెడితే, అమ్మకమే లేని రోజుకు 1 చూపిస్తుంది. అమ్మకాల టేబుల్‌లోని ఐడీని లెక్కపెట్టండి. శాఖలవారీ రిపోర్టయితే ముందు తేదీలను శాఖలతో క్రాస్ జాయిన్ చేయాలి, అంటే ప్రతి తేదీకీ ప్రతి శాఖనూ జతచేయాలి. లేదంటే ఒక శాఖలో అమ్మకం ఉన్న రోజు మిగతా శాఖల ఖాళీలు కనబడవు.

ఇక ఖాళీలో ఏం నింపాలి? కోఅలెస్ (COALESCE, ఖాళీ బదులు వేరే విలువ ఇచ్చే ఫంక్షన్) పెట్టి సున్నా రాసేయడం సులువే, కానీ సున్నా అన్నిచోట్లా నిజం కాదు. అమ్మకం లేని రోజుకు సున్నా సరే. సరుకు నిల్వకు సున్నా రాస్తే గోడౌన్ ఖాళీ అయినట్టు. అక్కడ నిన్నటి నిల్వే ఇవాళ్టిదీ. ఉష్ణోగ్రత కొలిచే సెన్సర్ ఆగిపోయిన రోజుకైతే రెండూ అబద్ధమే, నల్‌గానే (విలువ లేనట్టుగానే) వదిలేయండి. ఏవీజీ నల్‌ను పక్కనపెట్టి లెక్కిస్తుంది, ఇక్కడ మనకు కావలసిందీ అదే. ఖాళీకి అర్థమేమిటో చెప్పాల్సింది క్వెరీ రాసేవాళ్లు కాదు, ఆ డేటా సొంతదారులు. అడగండి.

ముందు వరుస విలువను తెచ్చే లాగ్ (LAG) ఫంక్షన్‌కు నిన్న అంటే తెలియదు, పై వరుసే తెలుసు. ఏడు వరుసల కదిలే సగటు కూడా ఖాళీలుంటే తొమ్మిది, పది రోజులకు సాగిపోతుంది. క్యాలెండర్‌తో నింపాకే వీటిని వాడండి. నెల 1వ తేదీ సగటు సరిగ్గా రావాలంటే క్యాలెండర్‌ను ఆరు రోజులు వెనక నుంచి మొదలుపెట్టి, చివర్లో ఆ ఆరింటినీ తీసేయాలి.

వరుస ఉండి, తేదీ గడి ఖాళీగా ఉండటం ఇంకో తలనొప్పి. డెలివరీ తేదీ నల్ అయితే దానిలోంచి ఏ తేదీని తీసేసినా నల్లే వస్తుంది, ఆ ఆర్డరు సగటులోంచి చప్పుడు లేకుండా జారిపోతుంది. దానికి ఇవాళ్టి తేదీ తగిలించకండి, రేపు అదే రిపోర్టు వేరే అంకె చెబుతుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఖాళీ స్ట్రింగ్‌ను తేదీగా మారిస్తే 1900 జనవరి 1 అవుతుంది కాబట్టి, కనిష్ఠ తేదీని ఒకసారి కంటితో చూడండి. తేదీ లేని ఆర్డర్లు ఎన్నో సగటు పక్కనే విడి కాలమ్‌లో చూపించండి.