నలభై మెయిల్స్ పెట్టినా రిప్లై రాలేదా? ఇంటర్న్‌షిప్ ఎక్కడ ఆగిపోతోందో చూద్దాం

ఫిబ్రవరి వచ్చిందంటే నా ఫోన్‌కి మెసేజ్‌లు మొదలవుతాయి. "అక్కా, సమ్మర్‌లో ఎక్కడైనా ఇంటర్న్‌షిప్ ఉంటే చెప్పవా?" విజయవాడలో డిగ్రీ, గుంటూరులో పీజీ చేసి ఇప్పుడు ఒక రీసెర్చ్ ప్రాజెక్టులో పనిచేస్తున్నాను కాబట్టి జూనియర్లు, వాళ్ళ జూనియర్లు, ఒక్కోసారి వాళ్ళ అమ్మానాన్నలు కూడా అడుగుతుంటారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పిందంతా ఇక్కడ రాస్తున్నాను, మీ పరిస్థితి ఏదో చూసుకుని అక్కడి నుంచి చదవండి. మార్కులు తక్కువ కాబట్టే రాలేదని చాలామంది బాధపడతారు. నేను చూసినంతలో మార్కుల దగ్గర ఆగిపోయినవాళ్ళు తక్కువ, తమకి ఏం వచ్చో అవతలివాళ్ళకి కనపడక ఆగిపోయినవాళ్ళే ఎక్కువ.

సమస్య: మెయిల్స్ పెడుతూనే ఉన్నాను, ఎవరూ పలకట్లేదు

ముందు మీ సెంట్ ఫోల్డర్ తెరిచి ఒక మెయిల్ చదవండి. "రెస్పెక్టెడ్ సర్ ఆర్ మేడం" అని మొదలై, "మీ గొప్ప సంస్థలో పనిచేసే అవకాశం ఇప్పించగలరు" అని ముగిసిందా? అదే మెయిల్ పేరు కూడా మార్చకుండా నలభై మందికి వెళ్ళిందా? కారణం అక్కడే ఉంది. ఆ ప్రొఫెసర్‌కి ఇలాంటివి రోజూ వస్తాయి, రెండో లైన్ దాటకముందే అర్థమైపోతుంది. మీరు చెడ్డ స్టూడెంట్ అని ఆయన అనుకోరు, మీ గురించి అనుకోవడానికి అందులో ఏమీ ఉండదు, అంతే.

ఒక చెల్లి సంగతి చెప్తాను. బీఎస్సీ జువాలజీ, గుంటూరు పక్కన పల్లెటూరు, ఇంట్లో ఎకరం మిర్చి. 2021లో మన జిల్లాల మిర్చి తోటల మీద నల్ల తామర పురుగు పడి పూతంతా రాలిపోయింది గుర్తుందా, ఆ తర్వాతి సీజన్‌లో ఈ అమ్మాయి ఇంటర్న్‌షిప్ కోసం ముప్పై మెయిల్స్ పెట్టింది, ఒక్కరూ పలకలేదు. ఏడుపు గొంతుతో ఫోన్ చేస్తే, "మీ చేలోకి వెళ్ళి నువ్వేమైనా చూశావా?" అని అడిగాను. చూడలేదంది. తర్వాత ఆరు వారాలు చూసింది. ఇరవై మొక్కలకి రంగు దారం కట్టి, వారానికి రెండుసార్లు పొద్దున్నే వెళ్ళి, ఒక్కో మొక్క నుంచి మూడు పూలు తెల్ల కాగితం మీద దులిపి, పాకే నల్లటి పురుగుల్ని లెక్కపెట్టి నోట్‌బుక్‌లో రాసుకుంది. ఆ తర్వాత రాసిన మెయిల్ ఎనిమిది లైన్లు. అందులో అసలైన మాట ఇది: "నాలుగో వారం లెక్క ఒక్కసారిగా పడిపోయింది. ఆ వారం వాన పడింది, నాన్న మందు కూడా కొట్టారు. రెండింట్లో దేనివల్ల తగ్గిందో ఎలా తేల్చాలో నాకు తెలియట్లేదు, మీ దగ్గర నేర్చుకోవాలని ఉంది." నోట్‌బుక్ పేజీ ఫోటో జత చేసింది. ఐదుగురికి పెడితే ఇద్దరు జవాబిచ్చారు, ఒకరు వేసవికి రమ్మన్నారు.

అంటే చేయాల్సింది ఇది. మెయిల్‌కి ముందు ఒక చిన్న పని చేయండి, దాన్ని చూపించండి. సివిల్ ఇంజనీరింగ్ వాళ్ళైతే 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వాగు ముంచేసిన విజయవాడ సింగ్ నగర్ వీధుల్లో గోడల మీద నీటి మరక ఇంకా కనపడేచోట్ల ఎత్తు టేపుతో కొలిచి మ్యాప్ మీద పెట్టండి. కామర్స్, ఎకనామిక్స్ అయితే గుంటూరు మిర్చి యార్డు ధరలు మూడు నెలలు రోజూ రాసి ఒక గ్రాఫ్ గీయండి. కంప్యూటర్స్ అయితే మీరు చదివిన ఒక పేపర్‌లో ఫలితాన్ని మీరే మళ్ళీ రన్ చేసి, ఎక్కడ తేడా వచ్చిందో రాయండి. ఏ పనైనా సరే, మీ చేత్తో చేసింది కావాలి.

మెయిల్ సబ్జెక్ట్‌లో మీ కోర్సు, ఏ నెలలో ఎన్ని వారాలు రాగలరో రాయండి. ఆ ప్రొఫెసర్ ఈ మధ్య రాసిన ఒక పేపర్ నిజంగా చదివి ఒక్క ప్రశ్న అడగండి. "మీ పేపర్ చాలా ఇన్‌స్పైరింగ్‌గా ఉంది" అంటే చదవలేదని తెలిసిపోతుంది. రెజ్యూమె ఒక్క పేజీ, ఫైల్‌కి మీ పేరు పెట్టండి, "ఫైనల్ న్యూ 2" అని పంపకండి. పది రోజులు ఆగి మర్యాదగా ఒక్కసారి గుర్తుచేయండి, అప్పటికీ పలకకపోతే వదిలేసి ఇంకొకరిని చూసుకోండి.

అందరూ ఐఐటీలకే పెడుతున్నారు, అది కూడా ఒక కారణం. పక్కనే ఉన్నవి చూడరు. గుంటూరు నుంచి అమరావతి రోడ్డులో వెళ్తే లాం ఫారం, అక్కడ మిర్చి, పత్తి, అపరాల మీద దశాబ్దాలుగా పరిశోధన జరుగుతోంది. హైవే మీద నాగార్జున యూనివర్సిటీ, మంగళగిరిలో ఎయిమ్స్, నీరుకొండలో, ఐనవోలులో ప్రైవేటు యూనివర్సిటీలు. దగ్గరైతే హాస్టల్ ఖర్చుండదు, వేసవి అయిపోయాక కూడా శనివారాలు వెళ్ళి పని కొనసాగించవచ్చు, ఆ కొనసాగింపే మంచి రికమండేషన్ లెటర్ తెచ్చిపెడుతుంది. మెయిల్‌కి జవాబు రాకపోతే ఒకరోజు ముందుగా అనుమతి అడిగి నేరుగా వెళ్ళి కలవడం కూడా మనకి ఇక్కడే కుదురుతుంది.

సమస్య: చూసేసరికి లాస్ట్ డేట్ అయిపోయింది

వేసవి ఇంటర్న్‌షిప్ అంటే వేసవిలో వెతకాలని అనుకోవడమే కారణం. బెంగళూరు, ఢిల్లీ, ప్రయాగ్‌రాజ్‌లలోని మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్‌కి గడువు మామూలుగా నవంబర్‌లోనే ముగుస్తుంది. రెండు నెలలు దేశంలో ఏదో ఒక ల్యాబ్‌లో పని, స్టైపెండ్ ఉంటుంది. ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వాళ్ళ విజిటింగ్ స్టూడెంట్స్ ప్రోగ్రాం, ఐఐటీల సమ్మర్ ఫెలోషిప్‌లు సాధారణంగా జనవరి నుంచి మార్చి మధ్యలో తెరుస్తారు. కాబట్టి దసరా సెలవుల్లోనే కూర్చుని మీకు కావాల్సిన నాలుగైదు వెబ్‌సైట్లు చూసి తేదీలు రాసిపెట్టుకోండి, ప్రతి ఏడాదీ కాస్త మారతాయి కాబట్టి వాట్సాప్ ఫార్వర్డ్ నమ్మకండి.

ఇంకో చిన్న విషయం, దీని దగ్గరే ఎంతోమంది దెబ్బతింటారు. చాలా ఫారాలకి మీ లెక్చరర్ రికమండేషన్ కావాలి. గడువుకి రెండు రోజుల ముందు స్టాఫ్ రూమ్ బయట నిలబడి "సార్, ఒక లెటర్" అంటే ఆయన మాత్రం ఏం రాస్తారు? మూడు వారాల ముందే అడగండి, మీ మార్కుల షీటు, మీరు చేసిన పని ఒక పేజీలో రాసి చేతికివ్వండి.

సమస్య: డబ్బు కడితే ఇంటర్న్‌షిప్ ఇస్తామంటున్నారు

ఇది చెప్పేటప్పుడు నాకు నిజంగా కోపం వస్తుంది. మన రాష్ట్రంలో 2020-21 నుంచి డిగ్రీలో ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. ఫస్ట్ ఇయర్ తర్వాత కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, సెకండియర్ తర్వాత వేసవి ఇంటర్న్‌షిప్, ఫైనలియర్‌లో ఒక సెమిస్టర్ మొత్తం, కలిపి పది నెలలు. ఉద్దేశం మంచిదే. కానీ ఇన్ని వేలమందికి ఒకేసారి సర్టిఫికెట్ అవసరమయ్యేసరికి సర్టిఫికెట్లు అమ్మేవాళ్ళు తయారయ్యారు. నేను డిగ్రీలో ఉన్నప్పుడు కూడా ఒకచోట రెండు వేలు కట్టాను, నాలుగు రికార్డెడ్ వీడియోలు, బంగారు రంగు సీలున్న ఒక కాగితం ఇచ్చారు. తర్వాత ఒక ఇంటర్వ్యూలో ఆ కాగితం చూసి, "ఇందులో మీరేం చేశారు?" అని అడిగితే నా దగ్గర సమాధానం లేదు. ఆ రెండు వేలు నాన్న ఆటో కిస్తీలోంచి తీసి ఇచ్చినవి.

గుర్తుపట్టడం కష్టం కాదు. డబ్బు అడుగుతారు, ఇంటర్వ్యూ ఉండదు, మీకు పని చెప్పే మనిషి పేరు చెప్పరు, చేరకముందే సర్టిఫికెట్ తేదీ చెప్తారు. వీటిలో రెండు కనపడితే వదిలేయండి. దానికి బదులు ఆటోనగర్‌లో వర్క్‌షాపులోనో, మీ వీధిలో ఆడిటర్ గారి ఆఫీసులోనో, మెడికల్ ల్యాబ్‌లోనో కాలేజీ లెటర్ తీసుకెళ్ళి అడగండి. కాలేజీ ఒప్పుకుంటే ఆ పనే రికార్డులోకి ఎక్కుతుంది, పని కూడా వస్తుంది.

సమస్య: రీసెర్చ్ అసిస్టెంట్‌కి అప్లై చేస్తే అర్హత లేదన్నారు

పేర్ల గందరగోళం ఇది. విదేశాల్లో బ్యాచిలర్స్ చదివేవాళ్ళు కూడా రీసెర్చ్ అసిస్టెంట్‌గా చేస్తారని వీడియోల్లో చూసి, ఇక్కడి నోటిఫికేషన్‌కి అప్లై చేస్తారు. మన దగ్గర ఆ పేరుకి దగ్గరగా ఉండే రీసెర్చ్ అసోసియేట్ అంటే సాధారణంగా పీహెచ్‌డీ అయినవాళ్ళకి. జేఆర్ఎఫ్, అంటే జూనియర్ రీసెర్చ్ ఫెలో అవ్వాలంటే సాధారణంగా పీజీతో పాటు నెట్ లేదా గేట్ లాంటి జాతీయ స్థాయి పరీక్ష పాసై ఉండాలి, 2023 జనవరి నుంచి నెలకి 37,000. డిగ్రీతో దొరికేవి ప్రాజెక్ట్ అసిస్టెంట్, ఫీల్డ్ అసిస్టెంట్ పోస్టులు, అవి కూడా చదువు పూర్తయ్యాకే. చదువుతూ ఉన్నవాళ్ళు అడగాల్సింది ఇంటర్న్‌గానో, స్టూడెంట్ ప్రాజెక్టుగానో. అలాగే ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం కూడా 2024లో నెలకి 5,000తో మొదలుపెట్టినప్పుడు రెగ్యులర్ కాలేజీలో చదువుతున్నవాళ్ళకి కాదు, 21 నుంచి 24 ఏళ్ళ మధ్య, ఫుల్‌టైమ్ చదువులో, ఉద్యోగంలో లేనివాళ్ళకని పెట్టారు.

సమస్య: సీటొచ్చింది, కాలేజీ పంపట్లేదు

ఎన్ఓసీ, అంటే అభ్యంతరం లేదని కాలేజీ ఇచ్చే లెటర్, ఆలస్యం, అంతే. సెలక్షన్ మెయిల్ వచ్చిన రోజే ప్రింట్ తీసి హెచ్ఓడీకి ఇవ్వండి, ఇంటర్నల్ పరీక్షల తేదీలు ఆ లెటర్ మీదే రాసి, ఆ రోజుల్లో వచ్చి రాస్తానని చెప్పండి.

సమస్య: చేరాను, కానీ ఎవరూ పనే చెప్పట్లేదు

మొదటి వారం ఇలాగే ఉంటుంది, భయపడకండి. సార్‌కి తీరికుండదు, పీహెచ్‌డీ స్కాలర్లు వాళ్ళ టెన్షన్‌లో ఉంటారు, మీరు మూలన కుర్చీలో ఫోన్ చూస్తూ కూర్చుంటే నెలంతా అలాగే పోతుంది. ఒక స్కాలర్‌ని పట్టుకోండి. "అన్నా, గాజు సామాను నేను కడుగుతాను, మీరు రీడింగ్స్ తీసేటప్పుడు పక్కన నిలబడి రాసుకుంటాను" అనండి. మూడో రోజుకి ఆయనే పైపెట్ మీ చేతికిస్తారు. ఇక శుక్రవారం సాయంత్రం సార్‌కి ఐదు లైన్ల మెయిల్ పెట్టండి: ఈ వారం ఏం చేశాను, ఏం అర్థం కాలేదు, వచ్చేవారం ఏం చేయమంటారు. నేను పైన చెప్పిన చెల్లి ఎనిమిది వారాలూ ఇలాగే పెట్టింది. ఆరో వారం మెయిల్‌కి సార్ ఒక్క లైన్ జవాబిచ్చారు, "సోమవారం నీ నోట్‌బుక్ తీసుకుని నా రూమ్‌కి రా అమ్మా" అని.