అరీనా ఫుట్‌బాల్ చూడటం నేర్చుకుందాం – 3: ఎనిమిది మంది, ఎవరి చోటు ఏది

అమెరికన్ ఫుట్‌బాల్‌కి హాల్లో ఆడే చిన్న రూపమే అరీనా ఫుట్‌బాల్. మొదటి పాఠంలో మైదానం చూశాం, రెండోదాంట్లో డౌన్లు (బంతిని ముందుకి తీసుకెళ్లడానికి దొరికే అవకాశాలు), పాయింట్ల లెక్క చూశాం. ఇవాళ మనుషుల సంగతి.

మైదానం కొలత ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి: గోల్ గీత నుంచి గోల్ గీతకి 50 గజాలు, వెడల్పు 85 అడుగులు. ఐస్ హాకీ ఆడే హాల్లో పట్టేలా జిమ్ ఫోస్టర్ తయారుచేసిన ఆట కాబట్టి ఆ వెడల్పు. ఆరుబయట ఆడే అమెరికన్ ఫుట్‌బాల్‌కి 100 గజాలు, 160 అడుగులు. అంటే చోటు దాదాపు నాలుగో వంతుకి పడిపోయింది. ఆటగాళ్లు మాత్రం రెండు జట్లూ కలిపి 22 నుంచి 16కే తగ్గారు. ఏ పొజిషన్ నియమం వింతగా అనిపించినా ఈ ఇరుకుని తలుచుకోండి, కారణం అక్కడే దొరుకుతుంది.

ముందు బంతి చేతిలో ఉన్న జట్టు. మధ్యలో వంగి, కాళ్ల సందులోంచి బంతిని వెనక్కి అందించేవాడు సెంటర్. అతనికి అటొకరు ఇటొకరు గార్డులు. ఆ బంతి అందుకుని విసిరేవాడు క్వార్టర్‌బ్యాక్. అతని దగ్గర్లో ఫుల్‌బ్యాక్. ఫుల్‌బ్యాక్ అంటే బంతి పట్టుకుని పరుగెత్తేవాడనుకునేరు. అతని అసలు పని క్వార్టర్‌బ్యాక్ మీదికి వచ్చేవాణ్ని ఆపడం. గోల్ గీత ఒకటి రెండు గజాల్లో ఉంటే మాత్రం బంతి ఎక్కువగా అతనికే ఇస్తారు. మిగిలిన ముగ్గురూ రిసీవర్లు, అంటే విసిరిన బంతిని పట్టుకునేవాళ్లు.

ఆ ముగ్గురిలో ఒకడి మీద కాసేపు కన్ను వేయండి. బంతి కదలకముందే అతను వెనకనుంచి ముందుకి పరుగు మొదలుపెడతాడు. ఆరుబయటి ఆటలో ఇది తప్పు, ఇక్కడ ఒకరికి అనుమతి ఉంది. ఫాస్ట్ బౌలర్ రనప్ అనుకోండి. కాలు గీత దాటితే నోబాల్ అయినట్టే, బంతి కదిలేలోపు అతను గీత (బంతి పెట్టిన చోట రెండు జట్లనీ వేరుచేసే ఊహా గీత) దాటితే పెనాల్టీ. సరిగ్గా కుదిరితే? బంతి కదిలిన క్షణానికి అతను గీత దగ్గర పూర్తి వేగంతో ఉంటాడు, అతన్ని కాసే ఎదుటి జట్టు డిఫెన్సివ్ బ్యాక్ ఇంకా వెనక్కి అడుగులు వేస్తూ ఉంటాడు. ఆ ఒక్క అర సెకను కోసం వాళ్లు గంటలకొద్దీ సాధన చేస్తారు.

ఇప్పుడు అడ్డుకునే జట్టు. గీత మీద చేతులు నేలకి ఆనించి ముగ్గురు లైన్‌మెన్. దూరంగా రిసీవర్లకి ఎదురుగా ముగ్గురు డిఫెన్సివ్ బ్యాక్‌లు. మధ్యలో ఇద్దరు లైన్‌బ్యాకర్లు, వీళ్లకి ముద్దుపేర్లున్నాయి: మాక్, జాక్. మాక్ క్వార్టర్‌బ్యాక్ మీదికి దూకొచ్చు. జాక్ దూకకూడదు. గీత వెనక తనకి కేటాయించిన చోట్లోనే అటూ ఇటూ జరగాలి. క్వార్టర్‌బ్యాక్ బంతి విసిరినట్టు చెయ్యి ఊపి మోసం చేస్తే అప్పుడు అతనికి స్వేచ్ఛ వస్తుంది. ఖోఖోలో తరిమేవాడు మధ్య గీత దాటకూడదన్న నియమం తెలిసినవాళ్లకి ఇది కొత్తగా ఉండదు.

ఇలా ఎందుకు కట్టేశారు? వేళ్ల మీద లెక్కేయండి. మీదికొచ్చేవాళ్లు ముగ్గురు లైన్‌మెన్, మాక్: నలుగురు. ఆపేవాళ్లు సెంటర్, ఇద్దరు గార్డులు, ఫుల్‌బ్యాక్: నలుగురే. రిసీవర్లు ముగ్గురు, వాళ్లని కాసేవాళ్లూ ముగ్గురు. ఇక మిగిలింది క్వార్టర్‌బ్యాక్, జాక్. జాక్ కూడా మీదికి ఉరికితే ఈ ఇరుకులో బంతి విసిరే వ్యవధే ఉండదు. అందుకే ఇతను ఎదుటివాడి కళ్లు చదువుతూ, బంతి వెళ్లే దారిలో నిలబడటానికి చూస్తాడు. నన్నడిగితే ఈ ఆటలో అసలు పోటీ వీళ్లిద్దరిదే. నేను మొదట్లో బంతి వెంటే చూపు తిప్పి ఏమీ అర్థం చేసుకోలేకపోయాను. జాక్‌ని చూడటం మొదలుపెట్టాకే ఆట తెరుచుకుంది.

ఈ ఇరుకులో త్వరగా నిర్ణయించుకోవడం అలవాటైన క్వార్టర్‌బ్యాక్ ఎంత దూరం వెళ్లగలడో కర్ట్ వార్నర్ కథ చెబుతుంది. 1995 నుంచి 1997 దాకా అయోవా బార్న్‌స్టార్మర్స్ అనే అరీనా జట్టుకి ఆడాడు. 1999 సీజన్‌లో ఎన్‌ఎఫ్‌ఎల్ (ఆరుబయటి ఆటలో అతి పెద్ద లీగ్) అత్యుత్తమ ఆటగాడయ్యాడు, దాని ఫైనల్ సూపర్ బౌల్ కూడా గెలిచాడు.

ఇంకో మాట. 2007కి ముందు ఎక్కువమంది రెండు వైపులా ఆడాల్సిందే. రిసీవర్‌గా బంతి పట్టినవాడే తర్వాత లైన్‌బ్యాకర్‌గా నిలబడేవాడు. అందుకే వాళ్లని ఐరన్‌మ్యాన్ అన్నారు. బ్యారీ వాగ్నర్ 1992 నుంచి 1997 దాకా వరసగా ఆరేళ్లు ఆ పేరు మీదిచ్చే అవార్డు తీసుకున్నాడు. ఆ నియమం తీసేయడం నాకు ఇప్పటికీ బాధే. ఊపిరి సలపని మనిషి మళ్లీ గీత దగ్గరికి నడిచి రావడంలో ఉన్న అందం దాంతో పోయింది.

అభ్యాసం: 2007కి ముందు జరిగిన అరీనా ఫుట్‌బాల్ లీగ్ మ్యాచ్ ఒకటి పెట్టుకోండి. ఇండోర్ ఫుట్‌బాల్ లీగ్‌ది వద్దు, అందులో గోల్ పక్కన బంతి కొట్టుకుని తిరిగొచ్చే వలలు ఉండవు, నియమాలూ వేరు. ఆ మ్యాచ్‌లో బంతి కదిలే పది సందర్భాలు చూడండి. ప్రతిసారీ బంతి కదలకముందు ఆపి, ముందుకి పరుగెత్తే రిసీవర్ ఎవరో, మాక్ ఎవరో, జాక్ ఎవరో కాగితం మీద రాయండి. తర్వాత వదిలి సరిచూసుకోండి. మొదటి మూడు నాలుగు తప్పుతాయి, టెన్షన్ పడకండి.

వచ్చే పాఠం వలల గురించి. గోల్ పక్కన వలకి కొట్టుకుని బంతి తిరిగొచ్చినప్పుడు, ఈ ఎనిమిది మందిలో ఎవరు ఎటు తిరగాలో చూద్దాం.