తూపిలిపాలెం వెళ్తున్నారా? టార్చి ఆపండి

తిరుపతి నుంచి తూపిలిపాలెం బీచికి వెళ్లేవారికి ఒక మాట. వేసవి మొదట్లో ఆలివ్ రిడ్లే అనే సముద్రపు తాబేళ్లు ఇసుకలో పెట్టిన గుడ్లు పిల్లలయ్యే కాలం. పెట్టిన 45 నుంచి 60 రోజులకు, ఎక్కువగా రాత్రిపూట, పిల్లలు బయటికొస్తాయి. వెలుతురు ఎటుంటే అటే సముద్రమనుకుంటాయి కాబట్టి చీకటి పడ్డాక ఫోను టార్చి, కారు హెడ్‌లైట్లు ఆపేయండి.

మీ పిల్లలు ఇసుకలో తవ్విన గుంతలు లేచేముందు పూడ్చండి. అరచేతిలో సగం కూడా లేని జీవానికి మోకాలి లోతు గుంత పాతాళమే. మిగిలిన బిర్యానీ అక్కడ పారేయకండి. దానికోసం వచ్చే కుక్కలే గుడ్లనూ తవ్వుతాయి.

ముచ్చటగా ఉందని తాబేలు పిల్లను పట్టుకుని సెల్ఫీ మాత్రం వద్దు, అది 1972 వన్యప్రాణి చట్టం రక్షణలో ఉన్న జీవి. గుడ్లు బయటపడితే కదిలించకుండా అటవీశాఖకు చెప్పండి.