మిషిగన్ ఎన్నికలయ్యాక మన పిల్లల హక్కుల బిల్లులు ఎక్కడున్నాయో ఎలా చూసుకోవాలి

మా అబ్బాయి గే. ఉద్యోగం డెట్రాయిట్‌లో, ఉండేది అద్దె ఇంట్లో. అందుకే ప్రెసిడెంటు ఎన్నికలకంటే మిషిగన్ రాష్ట్ర ఎన్నికలనే నేను ఎక్కువ శ్రద్ధగా చూస్తాను. కాంటన్, నోవై, ట్రాయ్‌ల్లో ఉండే మనవాళ్లు కొందరు నన్ను పక్కకు పిలిచి, "ఫలితాలొచ్చాయి కదండీ, ఇప్పుడు మన పిల్లల సంగతేంటి?" అని అడుగుతుంటారు. వాళ్లకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

ఎవరు గెలిచారన్నది ఒక్కటే చూస్తే సరిపోదు, సీట్లు లెక్కపెట్టండి. రాష్ట్ర శాసనసభలో రెండు సభలుంటాయి: హౌస్‌లో 110, సెనేట్‌లో 38. మామూలు బిల్లుకు హౌస్‌లో 56 ఓట్లు, సెనేట్‌లో 20 ఓట్లు, ఆపైన గవర్నరు సంతకం కావాలి. 2022 నవంబరులో డెమోక్రాట్లకు సరిగ్గా అన్నే సీట్లొచ్చాయి. గవర్నరుగా గ్రెచెన్ విట్మర్ మళ్లీ గెలిచారు. ఈ మూడూ ఒకే పార్టీ చేతికి రావడం దాదాపు నలభై ఏళ్ల తర్వాత.

దాని ఫలితమే సెనేట్ బిల్లు 4. 1976 నాటి ఎలియట్-లార్సెన్ పౌరహక్కుల చట్టంలో గే, లెస్బియన్, ట్రాన్స్ వాళ్ల రక్షణను పేరుపెట్టి చేర్చిన బిల్లు ఇది. ఆ కారణం చెప్పి ఉద్యోగంలోంచి తీసేయడానికి లేదు, ఇల్లు అద్దెకివ్వనని అనడానికి లేదు. సెనేటర్ జెరెమీ మాస్ 2023 జనవరిలో ప్రవేశపెట్టారు. మార్చి 1న సెనేట్‌లో 23-15తో, 8న హౌస్‌లో 64-45తో గట్టెక్కింది. 16న గవర్నరు సంతకం చేశారు.

ఆ 23 దగ్గర ఒక్క నిమిషం ఆగండి. 20 సీట్ల పార్టీకి 23 ఓట్లెలా వచ్చాయి? ముగ్గురు రిపబ్లికన్లు వేశారు. హౌస్‌లో ఎనిమిది మంది వేశారు. అందుకే "మా ఏరియాలో రిపబ్లికన్ గెలిచాడు, ఇక మాట్లాడి లాభం లేదు" అని ఎవరైనా అంటే నాకు మనసొప్పదు. శాసనసభ వెబ్‌సైట్‌లో బిల్లు నంబరు కొట్టండి. ఏ తేదీన ఏ కమిటీకి వెళ్లిందో, ఎప్పుడు ఓటింగ్ జరిగిందో వరసగా కనబడుతుంది. ఆ తేదీ జర్నల్ (సభ రోజువారీ రికార్డు) తెరిస్తే ఎవరు ఎటు ఓటేశారో పేర్లతో సహా ఉంటుంది. మీ ప్రతినిధి పేరు అందులో వెతకండి, తర్వాతే ఫోన్ చేయండి.

సంతకమైన మర్నాడే చట్టం అమల్లోకి వస్తుందనుకోకండి. వెంటనే రావాలంటే రెండు సభల్లోనూ మూడింట రెండొంతుల మద్దతు ఉండాలి. అది లేక ఈ చట్టం 2024 ఫిబ్రవరి 13 దాకా ఆగింది. ఈలోగా మన పిల్లలకు అండగా ఉన్నది, పాత చట్టం గే, లెస్బియన్ వాళ్లకూ వర్తిస్తుందని రాష్ట్ర సుప్రీంకోర్టు 2022 జూలైలో ఇచ్చిన తీర్పు. ఇక్కడ ఆ జడ్జీలను కూడా మనమే ఎన్నుకుంటాం. బ్యాలెట్ పైన ఒక పార్టీకి గుర్తు పెట్టి ఊరుకుంటే జడ్జీలకు ఓటు పడదు. కిందిదాకా వెళ్లి విడిగా వేయాలి. మన ఇళ్లలో ఓటున్న ప్రతివాళ్లకూ ఇది చెప్పండి.

మెజారిటీ ఎంత సన్నగా ఉంటే అంత టెన్షన్. 2023 నవంబరులో ఇద్దరు డెమోక్రాట్ సభ్యులు వెస్ట్‌లాండ్, వారెన్ మేయర్లుగా గెలిచి వెళ్లిపోయారు. హౌస్ 54-54 అయింది. 2024 ఏప్రిల్‌లో ఉపఎన్నికలు జరిగేదాకా అంతే. 2024 నవంబరు ఎన్నికల్లో రిపబ్లికన్లు 58-52తో హౌస్ గెలిచాక మనం కోరే కొత్త బిల్లులకు దారి మూసుకుపోయింది. అలాగని ఉన్న చట్టం పోలేదు. దాన్ని తీసేయాలన్నా రెండు సభలూ, గవర్నరు సంతకమూ కావాలి కదా. గాబరాపడే అమ్మానాన్నలకు నేను ముందు చెప్పేది ఇదే.

పెళ్లి సంగతి వేరు. ఆడా మగా మధ్యే పెళ్లి అని 2004లో ఓటర్లే రాష్ట్ర రాజ్యాంగంలో రాశారు. 2015లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పుతో అది చెల్లకుండా పోయింది, కానీ ఆ వాక్యం ఇంకా అక్కడే ఉంది. సభ ద్వారా తీయించాలంటే హౌస్‌లో 74, సెనేట్‌లో 26 ఓట్లు కావాలి, ఆ తర్వాత మళ్లీ జనం ఓటు. ఏ ఎన్నిక తర్వాతైనా ఈ రెండంకెలు దరిదాపుల్లో లేకపోతే, సభ ద్వారా అవుతుందని ఎవరు చెప్పినా నమ్మకండి. సంతకాలు సేకరించి నేరుగా ఓటర్ల ముందుకు తీసుకెళ్లే దారి మాత్రం ఉంటుంది.

ఓటు లేనివాళ్లు ఏం చేయాలంటారా? పౌరసత్వం లేకపోతే ఓటు లేదు. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లు అభ్యర్థులకు చందా కూడా ఇవ్వకూడదు, గ్రీన్‌కార్డు ఉంటే ఇవ్వొచ్చు. కానీ రాష్ట్ర రాజధాని లాన్సింగ్‌లో కమిటీ హియరింగ్‌కు ఎవరైనా వెళ్లొచ్చు. అక్కడొక కార్డు ఇస్తారు. పేరు, బిల్లు నంబరు, సమర్థిస్తున్నారా వ్యతిరేకిస్తున్నారా, మాట్లాడతారా లేదా, అంతే. మాట్లాడటం ఇష్టం లేకపోతే మద్దతు అని గుర్తు పెట్టి ఇచ్చేయొచ్చు. వెళ్లలేకపోతే కమిటీ క్లర్కుకు ఈమెయిల్ చేయండి. పేజీ మించకుండా, మీ ఊరి పేరు మొదట్లోనే పెట్టి, మీ ఇంటి సంగతే రాయండి. పిల్లల పేరు రాసేముందు మాత్రం వాళ్లనడగండి. అది పబ్లిక్ రికార్డులోకి వెళుతుంది.