ఆర్ కొత్త వెర్షన్‌కు మారే ముందు: విండోస్, మ్యాక్, లైనక్స్‌లలో జాగ్రత్తలు

గణాంక విశ్లేషణకు వాడే ప్రోగ్రామింగ్ భాష ఆర్‌కు ఏటా ఏప్రిల్ ప్రాంతంలో పెద్ద వెర్షన్ వస్తుంది. 4.4.0 విడుదలైంది 2024 ఏప్రిల్‌లో, 4.5.0 వచ్చింది 2025 ఏప్రిల్‌లో. రిపోర్టో థీసిస్సో రెండు వారాల్లో ఇవ్వాల్సి ఉంటే కొత్త వెర్షన్ జోలికి వెళ్లకండి. పాత వెర్షన్ మీద నడుస్తున్న విశ్లేషణ ఆ రెండు వారాలూ అలాగే నడుస్తుంది.

ఆర్‌ని ఇన్‌స్టాల్ చేయడం నిమిషాల పని. చిక్కు వచ్చేది ప్యాకేజీలతోనే, అంటే ఆర్‌కు అదనపు పనులు చేర్చే కోడ్ కట్టలతోనే. ఆర్, ప్యాకేజీలు, వాటి కోడ్‌ని కంప్యూటర్ నడపగల రూపంలోకి మార్చే (కంపైల్ చేసే) కంపైలర్, ఈ మూడూ ఒకదానికొకటి సరిపోవాలి. ఒకటి మార్చి మిగతావి పాతవే ఉంచినప్పుడే ఎర్రర్లు వరస కడతాయి.

కాబట్టి మొదటి పని, ఇప్పుడున్న స్థితిని రాసిపెట్టుకోవడం. సెషన్ ఇన్ఫో కమాండ్ ఇచ్చే సమాచారాన్ని టెక్స్ట్ ఫైల్‌గా ప్రాజెక్ట్ ఫోల్డర్‌లోనే ఉంచండి. ఇన్‌స్టాల్ అయి ఉన్న ప్యాకేజీల పేర్ల జాబితాను మరో ఫైల్‌లో దాచండి. ప్రాజెక్ట్‌లోని ప్యాకేజీల వెర్షన్లను లాక్ ఫైల్‌లో నమోదు చేసే రెన్వ్ ప్యాకేజీ వాడుతుంటే స్నాప్‌షాట్ తీయండి. అయితే రెన్వ్ లాక్ ఫైల్ ఆర్ వెర్షన్ ఏదో నమోదు చేస్తుందే తప్ప ఆ ఆర్‌ని తెచ్చి పెట్టదు. అందుకే పాత ఇన్‌స్టాలర్ కూడా దగ్గర ఉంచుకోవాలి.

కొత్త వెర్షన్ తెరవగానే "అలాంటి ప్యాకేజీ లేదు" అని వస్తే కంగారు పడొద్దు. విండోస్‌లో మీ ప్యాకేజీలన్నీ 4.4 అనే ఫోల్డర్‌లో ఉంటే, 4.5 వెతికేది 4.5 అనే ఫోల్డర్‌లో. అది ఇంకా ఖాళీ. చాలామంది ఇక్కడే పాత ఫోల్డర్‌లోవన్నీ కొత్తదాంట్లోకి కాపీ చేసేస్తారు. అది చేయకండి. సి, సి ప్లస్ ప్లస్, ఫోర్‌ట్రాన్ కోడ్ ఉన్న ప్యాకేజీలు పాత ఆర్ కోసం తయారైనవి. అవి లోడ్ కాకపోవచ్చు, అంతకన్నా ప్రమాదం ఏమిటంటే లోడ్ అయ్యి మధ్యలో సెషన్‌ని కూల్చేయవచ్చు. దాచిన పేర్ల జాబితా చూసి మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకోవడమే సరైన దారి.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఆర్ కిటికీలన్నీ మూసి, ఒక్క కొత్త సెషన్ మాత్రమే తెరవండి. వాడుకలో ఉన్న డీఎల్ఎల్ ఫైల్‌ని (ప్యాకేజీలోని కంపైల్ చేసిన కోడ్‌ని) విండోస్ మార్చనివ్వదు. "పర్మిషన్ డినైడ్" అని ఆగిపోయి ప్యాకేజీ సగం చెరిగిపోతుంది. లైబ్రరీలో, అంటే ప్యాకేజీలు ఉండే ఫోల్డర్‌లో, రెండు సున్నాలతో మొదలయ్యే లాక్ ఫోల్డర్ మిగిలిపోతే, ఏ ఇన్‌స్టలేషనూ నడవడం లేదని చూసుకుని దాన్ని తొలగించండి.

విండోస్‌లో ప్యాకేజీలను కంపైల్ చేసే పరికరాల కట్ట ఆర్‌టూల్స్. దాని వెర్షన్ ఆర్‌తో జత కలవాలి: 4.4కి ఆర్‌టూల్స్ 44, 4.5కి ఆర్‌టూల్స్ 45. ఆర్ 4.2 నుంచి పాత్ (ఆర్‌టూల్స్ ఎక్కడుందో చెప్పే చిరునామా) సెట్ చేయాల్సిన పని లేదు. ఆర్‌టూల్స్ 40 కాలంలో ఎన్విరాన్ ఫైల్‌లో (ఆర్ మొదలయ్యేటప్పుడు చదివే సెట్టింగ్‌ల ఫైల్) రాసిన పాత్ లైన్ ఇంకా ఉంటే తీసేయండి. బైనరీ (ముందే కంపైల్ చేసిన ప్యాకేజీ) ఉన్నా సోర్స్ (అసలు కోడ్) కొత్తదని, సోర్స్ నుంచి కంపైల్ చేయమంటారా అని ఆర్ అడిగితే, ఆ కొత్త వెర్షన్ తప్పనిసరైతే తప్ప "నో" అనండి. "ఎస్" అన్నవారిలో ఆర్‌టూల్స్ లేనివారు అక్కడే ఇరుక్కుంటారు.

4.2తో మరో మార్పు వచ్చింది. విండోస్ 10లో 1903, ఆపై వెర్షన్లలో ఆర్ యూటీఎఫ్-8ని (అన్ని భాషల అక్షరాలనూ దాచగల పద్ధతి) సొంత ఎన్‌కోడింగ్‌గా తీసుకుంటుంది. తెలుగు అక్షరాల స్థానంలో కోడ్ అంకెలు కనిపించే బాధ దీంతో చాలావరకు పోయింది. కానీ పాత విండోస్ ఎన్‌కోడింగ్‌లో సేవ్ చేసిన సీఎస్‌వీ ఫైళ్లను చదివేటప్పుడు ఎన్‌కోడింగ్ పేరు చెప్పకపోతే అక్షరాలు చెడతాయి.

మ్యాక్‌లో ముందు చిప్ ఏదో చూడండి. ఎం1, ఆ తర్వాతి చిప్‌లకు ఆర్మ్64 ఇన్‌స్టాలర్, ఇంటెల్‌కు ఎక్స్86. ఎం చిప్ మీద ఇంటెల్ ఆర్ కూడా రోజెటా (ఇంటెల్ ప్రోగ్రామ్‌లను నడిపించే ఆపిల్ అనువాదకం) సాయంతో నడుస్తుంది, అందుకే ఆ పొరపాటు చాన్నాళ్లు బయటపడదు. కానీ హోమ్‌బ్రూ (మ్యాక్‌లో సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసే టూల్) నుంచి తెచ్చిన ఆర్మ్ లైబ్రరీలతో ఆ ఇంటెల్ ఆర్‌లో ఏదైనా కంపైల్ చేయబోతే, ముక్కల్ని కలిపే లింకింగ్ దగ్గర ఆగిపోతుంది. మ్యాక్‌ఓఎస్‌ని పెద్ద వెర్షన్‌కు మార్చాక ఎక్స్‌కోడ్ కమాండ్ లైన్ టూల్స్, ఎక్స్‌క్వార్ట్జ్ (కొన్ని గ్రాఫిక్స్ కిటికీలకు కావాల్సింది) మళ్లీ వేయండి. ఫోర్‌ట్రాన్ కంపైలర్‌ని ఆర్ మ్యాక్ పేజీ నుంచే తీసుకోండి.

లైనక్స్‌లో డిస్ట్రిబ్యూషన్ ఇచ్చే ఆర్ తరచుగా పాతది. క్రాన్ (ఆర్, దాని ప్యాకేజీల అధికారిక భాండాగారం) రిపాజిటరీ చేర్చేటప్పుడు అందులోని కోడ్‌నేమ్ మీ ఉబుంటు వెర్షన్‌దేనా అని సరిచూసుకోండి. ఆర్ బేస్ డెవ్‌తో పాటు కర్ల్, ఓపెన్ఎస్ఎస్ఎల్, ఎక్స్ఎంఎల్2ల డెవ్ ప్యాకేజీలు (కంపైల్ చేయడానికి కావాల్సినవి) ముందే వేస్తే సగం ఎర్రర్లు రావు. ప్యాకేజీల కోసం ఆర్‌ని సుడోతో (అడ్మిన్ హక్కులతో) నడపొద్దు. మీ లైబ్రరీలో రూట్ పేరున ఫైళ్లు చేరి, తర్వాత మీరే వాటిని మార్చలేరు. కంపైల్ మధ్యలో "కిల్డ్" అని ఆగితే మెమరీ చాలలేదన్నమాట, సమాంతరంగా నడిచే పనుల సంఖ్య ఒకటికి తగ్గించండి.

ఆర్‌ని ముట్టుకోకపోయినా ఉబుంటు మార్పు దెబ్బ కొట్టగలదు. ఉబుంటు 22.04లో ఐసీయూ (యూనికోడ్ అక్షరాలతో పనిచేసే లైబ్రరీ) వెర్షన్ 70, 24.04లో 74. పాతదానికి లింక్ అయిన స్ట్రింగై అనే టెక్స్ట్ ప్యాకేజీ, 70వ నంబర్ ఫైల్ దొరకలేదంటూ లోడ్ కాదు. దానిమీద ఆధారపడే స్ట్రింగార్ లాంటివీ ఆగిపోతాయి. స్ట్రింగై ఒక్కదాన్ని మళ్లీ కంపైల్ చేస్తే చాలు.

అన్నీ లోడ్ అయ్యాయంటే పని అయిపోయినట్టు కాదు, లెక్కలు కలవాలి. 3.6.0లో శాంపిల్ ఫంక్షన్ అంకెలు తీసే పద్ధతి మారింది. అంతకుముందు రాసిన స్క్రిప్ట్ అదే సీడ్‌తో (యాదృచ్ఛిక అంకెలకు మొదలిచ్చే సంఖ్య) వేరే శాంపిల్ ఇస్తుంది. పాత ఫలితం కావాలంటే శాంపిల్ కైండ్‌ని రౌండింగ్ అని పెట్టాలి. 4.0.0 నుంచి టెక్స్ట్ కాలమ్స్ వాటంతటవే ఫ్యాక్టర్లుగా (వర్గాల రూపంలోకి) మారవు. ఇవి ఎర్రర్ ఇవ్వకుండా జవాబును మార్చగలవు కాబట్టి ఎక్కువ ప్రమాదం. పాత వర్క్‌స్పేస్ లోడ్ కాకుండా ఖాళీ సెషన్‌లో మీ పాత విశ్లేషణను మొదటి నుంచి చివరిదాకా నడిపి, రిపోర్ట్‌లోని అంకెలతో పోల్చండి. అవి కలిసేదాకా పాత ఆర్‌ని తీసేయొద్దు. విండోస్‌లో రెండూ పక్కపక్కన ఉంటాయి. మ్యాక్ ఇన్‌స్టాలర్ మాత్రం మామూలుగా పాతదాన్ని తొలగిస్తుంది, అక్కడ రెండూ ఉంచుకోవడానికి రిగ్ అనే టూల్ వాడండి.