గడువు తీరిన పేటెంటు చదివి మిషను చేసుకోవడం ఎలా

పేటెంటు ఇచ్చేముందు ప్రభుత్వం ఒక షరతు పెడుతుంది. ఆ మిషను ఎలా చెయ్యాలో, పని తెలిసిన మరొకరు చదివి చేసుకోగలిగేంత వివరంగా, బొమ్మలతో సహా రాసి ఇవ్వాలి. ఆ కాగితం అందరికీ తెరిచే ఉంటుంది. దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లు దాటాక అందులో ఉన్నది ఎవరైనా చేసి అమ్ముకోవచ్చు. పలాస, కాశీబుగ్గల్లో జీడిపిక్కల మిషన్లు చేసేవాళ్లకీ, ఉద్దానంలో కొబ్బరి పీచు తీసేవాళ్లకీ ఇంతకంటే చవకైన పాఠం మరోటి లేదు.

వెతకడానికి గూగుల్ పేటెంట్స్, యూరప్ పేటెంట్ ఆఫీసు వారి ఎస్పాసెనెట్, మన పేటెంట్ ఆఫీసు వారి ఇన్‌పాస్ అనే వెబ్‌సైట్లు చాలు. మూడూ ఉచితమే. మామూలు పేరుతో వెతికితే సగం దొరకవు, ఎందుకంటే పేటెంటు రాసేవాళ్లు మనం పిలిచే పేరు వాడరు. పిక్క కొట్టే మిషను ఒకచోట 'నట్ క్రాకింగ్', మరోచోట 'డీకార్టికేటింగ్', ఇంకోచోట 'హల్లింగ్' అని ఉంటుంది. అందుకే వర్గీకరణ సంఖ్యతో వెతకాలి. గింజల పెంకు పగలగొట్టే, ఒలిచే యంత్రాలు ఎ23ఎన్ 5/00 కింద ఉంటాయి. మొక్కల నుంచి నార, పీచు తీసేవి డి01బి, దూది ఏకేవి డి01జి, ధాన్యం దంచి పాలిష్ పట్టేవి బి02బి. వెతికేటప్పుడు వీటిని ఇంగ్లిషు అక్షరాల్లో కొట్టాలి. పనికొచ్చే పేటెంటు ఒకటి దొరికితే అందులో ప్రస్తావించిన పాత పేటెంట్లు కూడా తెరవండి. మనకు ఎక్కువగా పనికొచ్చేవి అవే, గడువు ఎప్పుడో తీరినవి.

మొదటి పేజీలో ప్రతి వివరం పక్కనా ఒక చిన్న సంఖ్య ఉంటుంది. ఏ దేశపు కాగితమైనా ఈ సంఖ్యల అర్థం మారదు: 22 దరఖాస్తు తేదీ, 30 అంతకుముందు వేరే దేశంలో వేసిన దరఖాస్తు, 51 వర్గీకరణ, 54 పేరు, 72 కనిపెట్టినవారు, 73 హక్కుదారు. చైనీస్, జపనీస్ కాగితాలు కూడా ఇలా సగం అర్థమవుతాయి, మిగతా సగం బొమ్మలు చెబుతాయి.

ఇక హక్కు బతికి ఉందో లేదో చూడాలి. పేటెంటు ఏ దేశంలో తీసుకుంటే ఆ దేశంలోనే చెల్లుతుంది. అమెరికాలో మాత్రమే పేటెంటున్న మిషను విజయనగరంలో చేసి ఇక్కడే అమ్మితే తప్పు కాదు. అమెరికాకు ఎగుమతి చేస్తే తప్పు. కాబట్టి ఎస్పాసెనెట్‌లో ఆ పేటెంటు 'కుటుంబం', అంటే అదే మిషనుకి వేర్వేరు దేశాల్లో వేసిన దరఖాస్తుల జాబితా తెరిచి, ఇండియా దరఖాస్తు ఉందేమో చూడండి. అక్కడ కనిపించకపోతే హక్కుదారు పేరుతో, కనిపెట్టినవారి పేరుతో ఇన్‌పాస్‌లో మళ్లీ వెతకండి. ఉంటే దాని ఈ-రిజిస్టర్ తెరిస్తే అమల్లో ఉందో ఆగిపోయిందో తెలుస్తుంది. మన దగ్గర మూడో ఏడాది నుంచి ఏటా రుసుము కట్టాలి, కట్టకపోతే 20 ఏళ్లు నిండకుండానే హక్కు పోతుంది.

ఇక్కడ తొందరపడకూడదు. రుసుము కట్టక ఆగిన పేటెంటును తిరిగి బతికించమని 18 నెలల లోపు అడిగే హక్కు యజమానికి ఉంది. ఆగిన రోజుకీ, ఆ విన్నపం ప్రచురించిన రోజుకీ మధ్య మీరు పని మొదలుపెట్టి ఉంటే చట్టం మీకు కొంత రక్షణ ఇస్తుంది. అయినా ఆ 18 నెలలు గడిచాక పెట్టుబడి పెట్టడమే మేలు. ఇంకో సంగతి: కొత్త దరఖాస్తు మామూలుగా 18 నెలల దాకా బయటికి కనిపించదు. అందుకని మార్కెట్లోకి ఈమధ్యే వచ్చిన మిషనుకి వెతుకులాటలో ఏమీ దొరకలేదంటే పేటెంటు లేదని అర్థం కాదు.

అమల్లో ఉన్న పేటెంటైతే చివర్లో ఉండే క్లెయిములు చదవాలి. హక్కు హద్దు అదే, బొమ్మ కాదు. మొదటి క్లెయిములో తొట్టి, పిక్కను నిలబెట్టే గాడి, ఎదురెదురుగా రెండు వంపు కత్తులు, వాటిని వెనక్కి లాగే స్ప్రింగు, కాలితో నొక్కే మీట అని ఐదు భాగాలున్నాయనుకోండి. ఒక కాగితం మీద ఐదూ ఒకదాని కింద ఒకటి రాసి, మీ మిషనులో ఉన్నదాని పక్కన టిక్కు పెట్టండి. ఐదింటికీ టిక్కు పడితే ఆ క్లెయిములో పడ్డట్టే. మీరు అదనంగా ఆరో భాగం తగిలించినా బయటపడరు. గాడి అసలు లేకుండానే పని జరిగితే బయట ఉన్నట్టు. స్ప్రింగు తీసి అదే పనికి బరువు కట్టారా, కోర్టు రెండూ ఒకటే అనవచ్చు. అలాంటి చోట పేటెంట్ ఏజెంటు దగ్గర రాతపూర్వకంగా అభిప్రాయం తీసుకోండి. ప్రయోగం కోసం, పిల్లలకు నేర్పడం కోసం చేసుకునేదాన్ని మాత్రం మన చట్టం అడ్డుకోదు.

ఇచ్చిన పేటెంటల్లా సరైనదని కూడా అనుకోనక్కర్లేదు. గాయాలకు పసుపు వాడకం మీద అమెరికాలో 1995లో ఇచ్చిన పేటెంటును, మన ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ పాత గ్రంథాలు చూపించి అడ్డుపడితే 1997లో రద్దు చేశారు. పొందూరులో వాలుగ చేప దవడతో పత్తి దువ్వే పద్ధతి మీద ఇవాళ ఎవరూ పేటెంటు తీసుకోలేరు. తరాలుగా ఉన్న విద్య అది. ఆ దవడ పళ్ల పని చేసే కొత్త యంత్రం ఎవరైనా కనిపెడితే ఆ యంత్రానికి మాత్రం రావచ్చు.

తయారీలోనే ఎక్కువమంది దెబ్బతింటారు. పేటెంటు బొమ్మలు కొలతకు గీసినవి కావు. స్కేలు పెట్టి కొలిచి రేకు కోస్తే పాడైనట్టే. బొమ్మలో ప్రతి భాగానికీ ఒక అంకె ఉంటుంది. వివరణలో ఆ అంకె వచ్చిన ప్రతి వాక్యాన్నీ ఏరి, భాగం పేరు, లోహం, కొలత, దేనికి తగిలి ఉంది అని పట్టిక రాసుకోండి. ఖాళీగా మిగిలిన గడులే మీరు సొంతంగా తేల్చుకోవలసినవి. సాధారణంగా అవి స్ప్రింగు బిగువు, మోటారు హెచ్‌పీ, బుష్‌కీ షాఫ్టుకీ మధ్య వదులు. కొలత '2 నుంచి 10 మి.మీ.' అని ఉంటే ముందుకెళ్లి 'ఉదాహరణ' అన్న భాగం చూడండి. వాళ్లు నిజంగా వాడిన అంకె అక్కడ దొరుకుతుంది.

అమెరికా కాగితాల్లో అంగుళం 25.4 మి.మీ., 100 పీఎస్ఐ ఒత్తిడి అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 7 కిలోలు. వీటిని మార్చుకోవడం అందరూ చేస్తారు, కరెంటు సంగతి మర్చిపోతారు. వాళ్లది 60 హెర్ట్జ్, మనది 50. అక్కడ నాలుగు పోళ్ల మోటారు నిమిషానికి సుమారు 1725 చుట్లు తిరిగితే, ఇక్కడ అలాంటిదే 1440 తిరుగుతుంది. మోటారుకి 3 అంగుళాల పుల్లీ, డ్రమ్ముకి 17.25 అంగుళాలది అని రాసి ఉందంటే వాళ్ల డ్రమ్ము 300 చుట్లు తిరగాలి. అదే పుల్లీ ఇక్కడ వేస్తే 250 దగ్గర ఆగిపోతుంది, పెంకు పగలదు, తప్పు కత్తిదనుకుని కత్తి మారుస్తాం. డ్రమ్ము పుల్లీ 14 అంగుళాలది వేస్తే సుమారు 309 వస్తుంది, సరిపోతుంది.

తర్వాతి చిక్కు సరుకు. పేటెంటు రాసినవాళ్లు ఏదో ఒక సైజు పిక్క పెట్టుకుని చేసి ఉంటారు. మనకు ఉద్దానం పిక్కా వస్తుంది, ఆఫ్రికా నుంచి దిగుమతైనదీ వస్తుంది. వెర్నియర్‌తో ఒక్కో రకంలో 100 పిక్కల పొడవు, వెడల్పు, మందం కొలిచి, జల్లెడతో కనీసం మూడు సైజులుగా విడదీసి, ఒక్కో సైజుకి కత్తుల మధ్య ఖాళీ వేరుగా పెట్టండి. ఆవిరి పట్టిన పిక్కను వేడిగా ఉండగా కోస్తే పెంకు విరగకుండా వంగుతుంది, పప్పు నలుగుతుంది. పూర్తిగా చల్లారి ఆరాక కొట్టాలి. ఖాళీ మార్చిన ప్రతిసారీ 100 పిక్కలు వేసి గుండు పప్పు, బద్ద, తెగనివి లెక్కపెట్టి రాసుకోండి. జీడిపప్పు గ్రేడుల్లో డబ్ల్యూ 320 అంటే పౌనుకు 300 నుంచి 320 గుండు పప్పులు. పప్పు విరిగితే ఆ గ్రేడు పోతుంది, ధర పోతుంది. పెంకులోని జీడి నూనె చర్మాన్ని కాలుస్తుంది, కాబట్టి ట్రయల్ రోజున కూడా గ్లౌజులు తియ్యకండి.

ఇలా సరిచేస్తూ పోతుంటే పాత కాగితంలో లేని కొత్త భాగం ఒకటి మీ చేతిలోనే పుట్టొచ్చు. అప్పుడు దాన్ని కొనేవాళ్లకి చూపించకముందే, వీడియో పెట్టకముందే దరఖాస్తు వెయ్యండి. ముందే బయటపెడితే కొత్తదనం పోయినట్టు లెక్క. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు రెండూ చెన్నై పేటెంట్ ఆఫీసు పరిధిలోకి వస్తాయి, దరఖాస్తు ఆన్‌లైన్లో వెయ్యొచ్చు. వ్యక్తిగత దరఖాస్తుకు 1,600 రూపాయలు, అందులో 30 పేజీలు, 10 క్లెయిముల దాకా కలిసే ఉంటాయి. పని ఇంకా పూర్తికాకపోతే ప్రొవిజనల్, అంటే తాత్కాలిక దరఖాస్తు వేసి, సరిగ్గా 12 నెలల్లో పూర్తి వివరణ ఇవ్వాలి. ఒక్కరోజు దాటినా ఆ దరఖాస్తు వదిలేసినట్టే. పరిశీలనకు ఫారం 18, రుసుము 4,000, గడువు మొదటి దరఖాస్తు తేదీ నుంచి 31 నెలలు. ఇది అడగనిదే ఎవరూ మీ ఫైలు తెరవరు.