నేరేడు రంగు కొలుద్దాం – 3: ఒకే రసం, రెండు గొట్టాలు

పోయిన పాఠంలో 10 గ్రాముల అల్లనేరేడు, తొక్కతో సహా నూరి, కాస్త యాసిడ్ కలిపిన ఇథనాల్‌లో నానబెట్టి, వడకట్టి 100 మిల్లీలీటర్లకు తెచ్చాం కదా, ఆ సీసా ఫ్రిజ్‌లోంచి తీయండి.

నేరేడు మరక పడ్డ చొక్కాకి సబ్బు రాస్తే మరక నీలంగా తిరగడం మన ఇళ్ళల్లో అందరూ చూసిందే. పులుపు ఉంటే ఎరుపు, తగ్గితే ఇంకో రంగు, నేరేడుకి రంగునిచ్చే ఆంథోసయనిన్ గుణమే అంత. మన పద్ధతి మొత్తం దాని మీదే నడుస్తుంది. పీహెచ్ (పులుపు కొలిచే అంకె, అది తగ్గేకొద్దీ పులుపెక్కువ) 1.0లో అది నిండు ఎరుపు, 4.5లో చాలావరకు రంగులేని రూపంలోకి పోతుంది, కానీ పండు నిలవుండి గోధుమరంగుకి తిరిగిన పదార్థం మాత్రం రెండిట్లోనూ దాదాపు అలాగే ఉంటుంది. అందుకే రెండు రీడింగుల తేడా తీస్తే ఆ పాడైన రంగు లెక్కలోంచి తప్పుకుంటుంది. ఒక్క రీడింగుతో సరిపెడితే రావులపాలెం బజారులో రెండ్రోజులు ఎండకి వాడిన కాయకి కూడా లేని రంగు అంటగట్టినట్టవుతుంది.

బఫర్లు, అంటే పీహెచ్‌ని ఒకచోట నిలిపి ఉంచే ద్రావణాలు, రెండు. లీటరుకి 1.86 గ్రాముల పొటాషియం క్లోరైడ్ వేసి పీహెచ్ 1.0కి, 54.43 గ్రాముల సోడియం అసిటేట్ ట్రైహైడ్రేట్ వేసి 4.5కి, రెండిటినీ హైడ్రోక్లోరిక్ యాసిడ్‌తోనే తేవాలి. పీహెచ్ మీటర్ చూడకుండా అంచనాగా పోయకండి.

రెండు గొట్టాల్లోకి ఒక్కో మిల్లీలీటరు రసం తీసుకుని, ఒకదాంట్లో మొదటి బఫర్ 9, ఇంకోదాంట్లో రెండోది 9 పోయండి. ఒకటి దానిమ్మ గింజల రంగుకి వస్తుంది, పక్కది చూస్తుండగానే వెలిసిపోతుంది. నేను మొదట్లో రంగు బాగా కనబడాలని సగానికి సగం రసం పోసేదాన్ని, 4.5 గొట్టం గులాబీగానే ఉండిపోయేది, ఎందుకో తెలియక వారం రోజులు ఒకటే టెన్షన్. రసంలో ఉన్న యాసిడ్ బఫర్‌ని లొంగదీసేసిందని తర్వాత అర్థమైంది. రసం మొత్తంలో ఐదో వంతు దాటకూడదు, ఇది మాత్రం గట్టిగా గుర్తుంచుకోండి.

20 నిమిషాలు ఆగి, 50 నిమిషాల లోపు చదివేయండి. స్పెక్ట్రోఫోటోమీటర్‌ని (ద్రావణం ఎంత కాంతిని పట్టిందో కొలిచే యంత్రం) డిస్టిల్డ్ వాటర్‌తో సున్నా పెట్టి, ఒక్కో గొట్టాన్ని 520, 700 నానోమీటర్ల కాంతి దగ్గర చూడాలి. 700 దగ్గర ఆంథోసయనిన్ కాంతిని పెద్దగా పట్టదు, అక్కడ వచ్చేది రసంలో మిగిలిన మడ్డి వల్లే, అందుకే దాన్ని తీసేస్తాం. క్యూవెట్ (రసం పోసి యంత్రంలో పెట్టే చిన్న డబ్బీ) మీద వేలిముద్రలు తుడవండి.

నేర్చుకోడానికి కొన్ని అంకెలు అనుకుందాం. 1.0 గొట్టంలో 520 దగ్గర 0.842, 700 దగ్గర 0.021, తేడా 0.821. 4.5 గొట్టంలో 0.196, 0.024, తేడా 0.172. రెండిటి మధ్య తేడా 0.649. దాన్ని 449.2తో, మనం పల్చన చేసిన 10 రెట్లతో, 1000తో గుణించి 26,900తో భాగిస్తే (క్యూవెట్ వెడల్పు 1 సెంటీమీటరు కాబట్టి) లీటరుకి 108.4 మిల్లీగ్రాములు. మన 100 మిల్లీలీటర్లలో 10.84, అది 10 గ్రాముల పండుది, అంటే 100 గ్రాములకి 108.4.

449.2 సయనిడిన్-3-గ్లూకోసైడ్ అనే ఒక రకం ఆంథోసయనిన్ అణుభారం, 26,900 అది కాంతిని ఎంతగా పడుతుందో చెప్పే అంకె. నేరేడులో ఎక్కువగా ఉండేవి డెల్ఫినిడిన్, పెట్యూనిడిన్, మాల్విడిన్ రకాలు, కాబట్టి జవాబు పక్కన "సయనిడిన్-3-గ్లూకోసైడ్‌కి సమానంగా" అని తప్పకుండా రాయండి.

వచ్చే పాఠానికి తొక్క విడిగా, గుజ్జు విడిగా నూరి రెండు సీసాలు సిద్ధం చేసుకోండి. కాలవ గట్టు చెట్టు కింద రాలినవి వద్దు, కొమ్మ మీదవే కోసుకురండి.